రెండు కోటింగుల బంగారం

జూన్ 4

గుండుసూదికి,

బాబాయ్ బతికే ఉన్నాడు, కుట్టుమిషను కూడా బతికే ఉంది, ఇద్దరికీ నూనె తక్కువైంది. ఇక్కడి సమాచారాలు ఇంతే.

ముప్ఫై రెండేళ్ళొచ్చినా గుండుసూదీ అంటున్నానని కోపం తెచ్చుకోకు. చిన్నప్పుడు నా షాపులో నేల మీద పడ్డ గుండుసూదులన్నీ ఏరి డబ్బాలో వేసేదానివి. ఇప్పుడు మ్యూజియంలో అవే సూదులు పురుగులకి గుచ్చుతూ జీతం తీసుకుంటున్నావు. పేరు పెట్టినవాడి ముందుచూపు మెచ్చుకోవాలి. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. నలభై ఏళ్ళు మిషను పక్కన కూర్చున్న చెవులివి. ఫోన్లో సగమే వినపడుతుంది, ఆ సగానికీ నేను వేరే జవాబు చెబుతాను. ఉత్తరమైతే ఇద్దరం నెమ్మదిగా పోట్లాడుకోవచ్చు.

సంగతేమిటంటే, మొన్న పొద్దున తడిపిన కాన్వాసు గుడ్డ ఆరేద్దామని పెరటి కంచె దగ్గరికి వెళ్ళాను. బ్యాండు మేళం వాళ్ళకి ఇరవై రెండు కోట్లు కుడుతున్నాను, వాటి కాలర్ల కోసం. కంచె మీద మీ పిన్ని పాకించిన చిలగడదుంప తీగ ఉంది కదా, దాని ఆకు మీద ఒక పురుగు కనపడింది. బంగారం. బంగారు రంగు అనటం లేదు, బంగారమే అంటున్నాను. చొక్కా గుండీ అంత సైజు. వీపు గుండ్రంగా ఉబ్బి, చుట్టూ అంచు మాత్రం గాజులా, లోపలి లైనింగ్ కనపడేంత పలచగా ఉంది. వీపు మధ్యన పైనుంచి కింది దాకా ఒకటే కుట్టు, ఎక్కడా వంకర లేదు. ఫొటో తీయిద్దామని ఎదురింటి స్టూడియో అతన్ని పిలుచుకొచ్చాను. అతను కెమెరా మూత తీసేలోగా అది ఆకు కిందికి పోయింది.

ఇప్పుడు అసలు విషయం. మీ పిన్ని పదకొండేళ్ళు ఈ పురుగు గురించే చెప్పింది. "కంచె మీద బంగారు పురుగుందండీ" అనేది. అగ్గిపెట్టెలో పట్టి తెచ్చేది. నేను తెరిచి చూస్తే ఏముంటుంది? మాడిన పప్పుబద్దలాంటిది ఒకటి. "ఇదా నీ బంగారం" అని నవ్వేవాడిని. షాపుకొచ్చిన వాళ్ళందరికీ చెప్పి వాళ్ళనీ నవ్వించాను. పోయినేడాది ఆస్పత్రికి తీసుకెళ్తుంటే కూడా అదే మాట. "పొద్దున మళ్ళీ కనపడిందండీ" అంది. "ఇంటికి రాగానే నీకు కొత్త కళ్ళద్దాలు చేయిస్తాలే" అన్నాను. తను ఇంటికి రాలేదు. నేను మీ పిన్నితో వేసిన చివరి జోకు అదీ.

కాబట్టి నువ్వు తేల్చాల్సింది ఒక్కటే. తను నిజంగా ఇదే చూసిందా, లేక నేనే ముసలితనంలో తన మాటలు తలచుకుని తలచుకుని చూశానా? తను చూసింది ఇదే అయితే, పదకొండేళ్ళు ఒక మంచి మనిషిని అబద్ధాలకోరుని చేశానని నాకు తెలియాలి. శాస్త్రవేత్తవి, నీకెంతసేపు?

నీ బాబాయ్

*

జూన్ 11

బాబాయ్‌కి,

నీ గుండుసూది నమస్కారాలు.

ముందు ఒక మాట. నేను శాస్త్రవేత్తని కాను. ఈ మాట నీకు ఇంతకుముందు రెండుసార్లు చెప్పాను, నాన్నకి నాలుగుసార్లు చెప్పాను. నేను లేబుళ్ళు టైప్ చేస్తాను. పురుగు ఎప్పుడు దొరికింది, ఎక్కడ దొరికింది, దేని మీద ఉంది, ఎవరు పట్టారు. ఈ నాలుగూ గోరంత కాగితం మీదికి ఎక్కించడం నా ఉద్యోగం. ఆ కాగితాన్ని పురుగు కింద సూదికి గుచ్చుతాను. పురుగుకి గుచ్చేది మా మేడమ్. నన్ను దాని దగ్గరికి రానివ్వరు కూడా.

మేడమ్ గురించి చెప్పాలి. ఈ సెక్షన్‌కి పెద్దావిడ. ముప్ఫై ఏళ్ళుగా పెంకు పురుగులతోనే కాపురం. పురుగుల్ని "మీరు" అంటారు, మమ్మల్ని "ఏయ్" అంటారు. నీ ఉత్తరంలో పురుగు గురించి రాసిన ముక్క వరకు ఆవిడకి చదివి వినిపించాను. "ఎవరీయన? మన వాళ్ళలో సగం మంది ఇంత బాగా రాయరు" అన్నారు. టైలర్ అని చెప్పాను. "అదీ సంగతి" అన్నారు. వీపు అలా గొడుగులా కప్పుకుని, చుట్టూ గాజు అంచు ఉంటే అది తాబేలు పురుగుల కుటుంబమట. అందులో రకాలు చాలా ఉన్నాయి కాబట్టి చూడకుండా చెప్పలేరట.

వీలైతే ఒకదాన్ని పంపు. ఫ్రిజ్‌లో పైన మంచు పట్టే అరలో ఒక రోజు పెడితే నిద్రలోనే పోతుంది. తర్వాత చిన్న డబ్బాలో దూది మధ్యన పెట్టు. చీటీ మీద తేదీ, చోటు, మొక్క, నీ పేరు రాయి. అంతకన్నా ఇంకేమీ చేయకు.

పిన్ని అబద్ధం చెప్పి ఉండదు బాబాయ్. నీ వంట కూడా బాగుందని చెప్పలేని మనిషి కదా.

నీ గుండుసూది

*

జూన్ 19

గుండుసూదికి,

లేబుళ్ళు టైప్ చేస్తానంటావా! పెద్ద చదువులు చదివినవాళ్ళు ఇలాగే చెప్పుకుంటారు. నేను కూడా ఎవరైనా అడిగితే ఏదో నాలుగు గుడ్డలు కుడతానంటాను. నీ వినయం మీ నాన్న నుంచి మాత్రం రాలేదు.

ఈ ఉత్తరంతో పాటు డబ్బా పంపుతున్నాను. నాలుగు రోజులు కంచె దగ్గర స్టూలు వేసుకుని కూర్చుంటే దొరికింది. బ్యాండు మాస్టారు కొలతలివ్వడానికొచ్చి గంటసేపు నా పక్కనే నిలబడ్డాడు, దొరికాక చప్పట్లు కూడా కొట్టాడు. నువ్వు చెప్పినట్టే ఫ్రిజ్‌లో పెట్టాను. దూది కొత్తది, భుజాల ప్యాడ్‌లలో వాడేది. పురుగు నీ చేతికి ఎలా చేరాలో అలాగే చేరుతుంది, ఆ పూచీ నాది. మాసిన బట్ట కస్టమరు చేతిలో పెట్టడం నా షాపులో ఇంతవరకూ జరగలేదు, ఇకమీదట జరగదు.

డబ్బాలో ఇంకో ఐదు పొట్లాలున్నాయి. కంగారు పడకు. నువ్వు పురుగుల్ని గుర్తుపట్టి చెబుతావని ఇద్దరు ముగ్గురితో అన్నాను. అది చిలవలు పలవలుగా పాకి, ఇప్పుడు కోటు కుట్టించుకున్నవాళ్ళకి ఒక పురుగు పేరు ఉచితంగా చెప్పబడును అనే దాకా వచ్చింది. నీలం పొట్లం మందులషాపు ఆయనది. అది పురుగో, పుచ్చకాయ గింజో ఆయన, వాళ్ళావిడ తేల్చుకోలేక రెండు రోజులుగా మాట్లాడుకోవటం లేదట. ముందు అది చూడు.

నా ప్రశ్న మాత్రం అన్నిటికన్నా ముందు. తను చూసింది ఇదేనా, కాదా?

నీ బాబాయ్

*

జూన్ 27

బాబాయ్! బాబాయ్! బాబాయ్!

నమస్కారాలన్నీ తర్వాత. నువ్వేం పంపావో నీకు తెలుసా?

నిన్న పొద్దున డబ్బా వచ్చింది. మేడమ్ ముందు మూత తీశాను. దూదిలో నీ పురుగు ధగధగలాడిపోతోంది. ఆవిడ చేతిలో టీ కప్పు ఉంది. దాన్ని కింద పెట్టడం మర్చిపోయి అలాగే పది నిమిషాలు నిలబడ్డారు. తర్వాత పురుగుతో "మీరు ఇన్నాళ్ళూ ఎక్కడున్నారు?" అన్నారు.

విషయమేమిటో ఆవిడ చెప్పినట్టే రాస్తున్నాను. తాబేలు పురుగుల్లో బంగారు రంగువి ఉన్నాయి. కానీ ఆ బంగారం బతికున్నంతసేపే. పెంకు కింద పలచటి తడి పొర ఉంటుంది, వెలుతురు దాని మీద పడి మెరుస్తుంది. భయపడినా, ఎండిపోయినా ఆ తడి పోతుంది. చచ్చాక ఒక పూటలో గోధుమ రంగుకి తిరుగుతుంది. మా దగ్గర పెట్టెల్లో వందలున్నాయి, అన్నీ గోధుమ రంగే. నీ పురుగు ఒక్కటే చచ్చి వారమైనా బంగారంలా ఉంది! ముప్ఫై ఏళ్ళలో ఇలాంటిది చూడలేదు, వినలేదు అన్నారు. కొత్త జాతి కావచ్చట. వేరే మూడు మ్యూజియాలకి అప్పుడే ఉత్తరాలు వెళ్ళిపోయాయి. టైప్ చేసింది నేనే, తొందరలో రెండు కాగితాలు పాడుచేశాను.

ఇంకో మాట. ఆవిడ నన్ను మొదటిసారి "అమ్మాయ్" అన్నారు. వచ్చే నెల నుంచి లేబుళ్ళ బల్ల మీంచి మైక్రోస్కోపు బల్ల మీదికి మారుస్తారట. ఎనిమిదేళ్ళుగా ఆ బల్ల తుడుస్తున్నాను బాబాయ్, ఎప్పుడూ కూర్చోలేదు.

కొత్త జాతైతే పేరు పెట్టాలి కదా. ఎవరి పేరు పెడదాం అంటే పిన్ని పేరు చెప్పాను. మేడమ్ సరేనన్నారు. పిన్ని కోసం నువ్వు చేసిన పనుల్లో ఇంతకన్నా గొప్పది ఉండదు.

మందులషాపు ఆయనది పుచ్చకాయ గింజే. ఆవిడే గెలిచారని చెప్పు.

నీ గుండుసూది

*

జూలై 3

శాస్త్రవేత్త గుండుసూదికి,

నీ ఉత్తరం షాపులో బిగ్గరగా చదివాను. బ్యాండు మాస్టారు అక్కడికక్కడే ట్రంపెట్ ఊదాడు. నాక్కూడా వినపడింది. మందులషాపు ఆవిడ ఆయన్ని గేటు దాకా నడిపించుకుంటూ తీసుకెళ్ళింది, ఆయన మాత్రం ఆ గింజ వెనక్కి పంపించమన్నాడు. బోర్డులు రాసే అతను నా షాపు బోర్డు కింద "కొత్త పురుగు కనిపెట్టినవారు" అని ఉచితంగా రాస్తానన్నాడు. వద్దనలేదు.

మీ మేడమ్ రంగుని అంతగా మెచ్చుకున్నారంటే చాలా సంతోషం. నిజం చెప్పాలంటే ఆ పనికి నేను కొంచెం భయపడ్డాను. ఫ్రిజ్‌లోంచి తీసేసరికి అది అచ్చం పాత రోజుల్లోలాగే మాడిన పప్పుబద్దలా ఉంది. అలా ఎలా పంపుతాను? బ్యాండు కోట్ల ఇత్తడి గుండీలకి వేసే బంగారు రంగు డబ్బా ఎదురుగానే ఉంది. సన్నటి బ్రష్‌తో రెండు కోటింగులు వేశాను. మొదటిది ఆరాకే రెండోది. గాజు అంచు మీద చుక్క కూడా పడకుండా, మధ్య కుట్టు పూడిపోకుండా, ఊపిరి బిగబట్టి వేశాను. వారమైనా చెక్కుచెదరలేదన్నావు కదా, మంచి కంపెనీ రంగు అది. మీ మేడమ్‌కి కావాలంటే మిగతా వందలకీ వేసి పెడతాను, మనవాళ్ళే కాబట్టి ఏమీ తీసుకోను.

మీ పిన్ని పేరు పెడుతున్నారన్న దగ్గర మాత్రం చదవలేకపోయాను. మాస్టారు చదివిపెట్టాడు.

నీ బాబాయ్

*

జూలై 9

బాబాయ్‌కి,

నీ ఉత్తరం వచ్చేసరికే ఇక్కడ సంగతి బయటపడిపోయింది. ఇన్నాళ్ళూ పాడవుతుందని దూదిలోంచి కదపనివ్వని మేడమ్, ఏడో తారీకు పొద్దున నీ పురుగుని మైక్రోస్కోపు కింద పెట్టారు. సెక్షన్ వాళ్ళమంతా చుట్టూ నిలబడ్డాం. నన్ను ముందుకి పిలిచి నిలబెట్టారు. చాలాసేపు చూసి, చూసి, "ఈయన వీపు మీద బ్రష్ వెంట్రుక అంటుకుని ఉంది" అన్నారు. నాకు తల తీసినంత పనైంది.

మూడు మ్యూజియాలకీ మళ్ళీ ఉత్తరాలు టైప్ చేశాను. ఈసారి ఒక్క కాగితం కూడా పాడుచేయలేదు. మేడమ్ నన్ను మళ్ళీ "ఏయ్" అంటున్నారు. లేబుళ్ళ బల్ల దగ్గరే ఉన్నాను. ఇంకేమీ చేయకు అని రాశాను కదా బాబాయ్! ఒక్క వాక్యం. ఆ ఒక్కటీ నువ్వు వినలేదు. రెండు రోజులు నీ మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. నిన్న నీ ఉత్తరం చూపిస్తే మేడమ్ చదివి, నవ్వాపుకుని, "చేతిపని మాత్రం అద్భుతం, గుండీలకే పరిమితం చేసుకోమను" అన్నారు.

జాతి సంగతికొస్తే అది కొత్తదీ కాదు, అరుదైనదీ కాదు. చిలగడదుంప తీగ ఉన్న ప్రతి పెరట్లోనూ ఉంటుందట. బోర్డు మీద రాయిస్తే తుడిపించెయ్యి.

కోపం తగ్గాక ఒక సంగతి తట్టింది. నువ్వు మొదటి ఉత్తరంలో అడిగిన ప్రశ్నకి జవాబు నీ దగ్గరే ఉంది. ఫ్రిజ్‌లో పెట్టేటప్పుడు బంగారం, తీసేటప్పటికి పప్పుబద్ద. రెండూ నీ కళ్ళతో నువ్వే చూశావు, చూసి దాని మీద రంగేసేశావు. పిన్ని చూసింది ఇదే. తీగ మీద తను చూసినప్పుడు బంగారమే. అగ్గిపెట్టెలో ఊపిరాడక, ఎండిపోయి, నీ చేతికొచ్చేసరికి గోధుమ రంగు. పదకొండేళ్ళూ తను చెప్పింది నిజమే.

ఒక్కటి మాత్రం నాకు అర్థం కాలేదు. పట్టిన వెంటనే తెరిస్తే బంగారం కొంతసేపైనా ఉండాలి కదా అన్నారు మేడమ్. పిన్ని అగ్గిపెట్టె తెచ్చి ఇచ్చాక, నువ్వు ఎప్పుడు తెరిచేవాడివి?

నీ గుండుసూది

*

జూలై 18

గుండుసూదికి,

నీ బల్ల పోగొట్టాను. నిన్ను క్షమించమని అడగడానికి కూడా ముఖం చెల్లటం లేదు. బోర్డు తుడిపించాను. బోర్డులతను పూర్తిగా తుడవలేక "కనిపెట్టినవారు" అన్న మాట వదిలేశాడు. ఏం కనిపెట్టారండీ అని రోజూ ఎవరో ఒకరు అడుగుతున్నారు.

నువ్వడిగిన ప్రశ్నకి జవాబు రాయడానికి నాలుగు రోజులు పట్టింది.

తను పొద్దున తెచ్చేది. పదింటికి, పదకొండింటికి. నేను మిషను మీద ఉండేవాడిని. "అక్కడ పెట్టు, ఈ చొక్కా అవగొట్టి చూస్తా" అనేవాడిని. చొక్కా అయ్యాక ఇంకో చొక్కా. సాయంత్రం దుకాణం కట్టేటప్పుడు గుర్తొచ్చి తెరిచేవాడిని. ప్రతిసారీ సాయంత్రమే. ఒక్కసారి, పదకొండేళ్ళలో ఒక్కటంటే ఒక్కసారి, పాదం పెడలు మీంచి తీసి పక్కకి తిరిగి ఉంటే చాలు. తను చెయ్యి చాపినంత దూరంలోనే నిలబడేది.

అది రాశాక ఊరికే కూర్చోలేక గుండీల బీరువా వెతికాను. అడుగు అరలో, పాత కాజా దారాల వెనకాల, అగ్గిపెట్టెలు దొరికాయి. ఎనిమిది. ప్రతి దాని మీదా తెల్ల కాగితం అతికించి తన చేత్తో రాసింది. నువ్వు సెలవులకొచ్చినప్పుడు మీ లేబుళ్ళ గురించి చెప్పావట కదా, తేదీ, చోటు, మొక్క అని. ఇంట్లో నీ మాట సరిగ్గా విన్నది తనొక్కతే.

కొన్ని రాస్తున్నాను చూడు. "కంచె, చిలగడదుంప ఆకు కింద. పదింటికి బంగారం. ఆయన కాలరు మీద ఉన్నారు. సాయంత్రం మామూలు." ఇంకోటి. "కంచె మూల. పదకొండున్నరకి బంగారం. ఆయన కాజాల మీద ఉన్నారు. సాయంత్రం మామూలు. ఆయన నవ్వారు." ఏడింటి మీదా ఇదే వరస. నా మీద ఒక్క నింద లేదు, నేను ఏ పనిలో ఉన్నానో అదే రాసింది.

ఏడూ నీకు పంపుతున్నాను. ఈసారి దేన్నీ ముట్టుకోలేదు. దుమ్ము కూడా దులపలేదు.

నీ బాబాయ్

*

జూలై 26

బాబాయ్‌కి,

అగ్గిపెట్టెలు చేరాయి. మేడమ్ ఏడూ వరసగా బల్ల మీద పెట్టుకుని, ఒక్కో చీటీ రెండేసి సార్లు చదివారు. ఆయన కాలరు మీద ఉన్నారు అన్న చోట కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "బంగారం ఎన్నింటికి ఉంది, ఎన్నింటికి పోయింది అని గంటలతో సహా ఎవరూ రాసి పెట్టలేదు. వీటిని సొరుగులోకి ఎక్కించు" అన్నారు. లేబుళ్ళు మళ్ళీ టైప్ చేయనా అని అడిగాను. "ముట్టుకున్నావంటే చేతులు విరగ్గొడతాను" అన్నారు. ఎనిమిదేళ్ళలో నేను టైప్ చేయని లేబుళ్ళు ఇవే. సొరుగు రిజిస్టర్లో పట్టినవారు అన్న చోట పిన్ని పేరు ఉంది. కొత్త జాతికి పెట్టకపోయినా సొరుగులోకి చేరింది.

నీ రెండు కోటింగుల పురుగుని మాత్రం ఆవిడ చిన్న గాజు సీసాలో వేసి, తన టేబుల్ మీద పేపర్ల మీద బరువుగా పెట్టుకున్నారు. వచ్చినవాళ్ళకి చూపించి నా పరువు తీస్తున్నారు. బల్ల సంగతి మర్చిపో, మళ్ళీ ఎప్పుడో వస్తుంది.

బీరువాలో ఎనిమిది దొరికాయన్నావు. ఇక్కడికి చేరినవి ఏడు. ఒకటి దారిలో పోయిందా?

నీ గుండుసూది

*

ఆగస్టు 3

గుండుసూదికి,

పోలేదు. ఎనిమిదోది నా దగ్గరే ఉంచుకున్నాను. అందులో పురుగు లేదు, ఖాళీ పెట్టె. దాని మీద తేదీ మీ పిన్నిని ఆస్పత్రికి తీసుకెళ్ళిన రోజుది. తను రాసింది ఇదీ:

"కంచె, గేటు పక్క ఆకు. పదింటికి బంగారం. ఈసారి పట్టలేదు. తీగ మీదే ఉంచాను. ఎప్పుడో ఆయనే వచ్చి చూస్తారు."

ఇవాళ పొద్దున బ్యాండు మాస్టారి కోటుకి ఎడమ చెయ్యి అతుకుతున్నాను. సాయంత్రం వాళ్ళకి కార్యక్రమం ఉంది. ఆయన నా ఎదురుగా బనియన్‌తో నిలబడి తొందరపెడుతున్నాడు. గడియారం చూశాను. పది. సూది గుడ్డలో ఉండగానే పెడలు మీంచి పాదం తీసి లేచాను. "ఎక్కడికండీ, ఒక చెయ్యే అయింది!" అని ఆయన అరుస్తున్నాడు, అది మాత్రం నాకు బాగానే వినపడింది.

గేటు పక్క ఆకు మీద ఉంది. మెరుస్తోంది. "ఉందే" అన్నాను గట్టిగా.

కోటు ఇంకా ఒంటి చేత్తోనే ఉంది. ఈ ఉత్తరం కంచె దగ్గర స్టూలు మీద కూర్చుని రాస్తున్నాను.

నీ బాబాయ్